పిల్లాడికి 18 నిండాయా? ఇక అమ్మానాన్నల సంతకం చెల్లదు!

ఆటిజం ఉన్న మీ అబ్బాయి పేరుతో పదేళ్లుగా బ్యాంకు ఖాతా ఉందనుకోండి. తాతయ్య వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, పండగలకు చుట్టాలు ఇచ్చిన డబ్బు అన్నీ అందులోనే. ఇన్నాళ్లూ మీరు సంతకం పెడితే పని జరిగిపోయింది. ఈసారి కౌంటర్‌లో ఉన్నామె కంప్యూటర్ చూసి, ‘‘బాబు మేజర్ అయ్యాడు కదండీ, ఇక తనే సంతకం పెట్టాలి’’ అంది.

‘‘వాడికి సంతకం రాదమ్మా.’’

‘‘అయితే గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ తీసుకురండి.’’

‘‘నేను వాడి అమ్మని కదా?’’

ఈ ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు చాలామంది తల్లిదండ్రులకు మింగుడుపడదు. 18 ఏళ్లు నిండిన రోజు నుంచి మీరు అమ్మే, నాన్నే. కానీ చట్టం దృష్టిలో గార్డియన్ కాదు. బిడ్డకు వైకల్యం 90 శాతం ఉన్నా, స్నానం దగ్గర్నుంచి అన్నం దాకా మీరే చూస్తున్నా ఈ నియమం మారదు. ఈ సంగతి బ్యాంకులోనో, ఆస్పత్రిలోనో, రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో తెలిస్తే అప్పటికప్పుడు చేయగలిగేది ఏమీ ఉండదు. ముందే తెలిస్తే, పెద్దగా ఖర్చు లేకుండా, కోర్టు మెట్లెక్కకుండా చేసుకోగలిగిన పని ఇది. ఎలాగో చూద్దాం.

18 నిండితే ఏం మారుతుంది?

మన దేశంలో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ మేజరే. అప్పటిదాకా తల్లిదండ్రులు సహజ సంరక్షకులు. ఆ తర్వాత ఆ హోదా దానంతట అదే పోతుంది. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్నవాళ్లకు ఇందులో మినహాయింపు లేదు.

రోజువారీ జీవితంలో దీని ప్రభావం కనిపించకపోవచ్చు. అసలు ఇబ్బంది డబ్బు, ఆస్తి, కాగితాల దగ్గర మొదలవుతుంది. బిడ్డ పేరుతో ఉన్న డిపాజిట్ తీయాలన్నా, వాటాగా వచ్చిన స్థలం విషయంలో సంతకం చేయాలన్నా, బీమా డబ్బు అందుకోవాలన్నా ‘మీరెవరు?’ అన్న ప్రశ్న వస్తుంది. మీరున్నంత కాలం ఎలాగో నెట్టుకొస్తారు. మీ తర్వాత ఆ ప్రశ్న బిడ్డ తోబుట్టువులకో, పిన్నికో, మేనమామకో ఎదురవుతుంది. వాళ్ల చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదు.

అందరు దివ్యాంగులకూ గార్డియన్ అవసరమా?

కానే కాదు. చూపు లేనివాళ్లు, వినికిడి లోపం ఉన్నవాళ్లు, నడవలేనివాళ్లు తమ నిర్ణయాలు తామే తీసుకుంటారు. వాళ్లను ‘గార్డియన్‌తో రండి’ అని అడిగే హక్కు ఏ ఆఫీసుకూ లేదు. చూపు లేని ఖాతాదారులకు చెక్‌బుక్, ఏటీఎం కార్డు, లాకర్ సహా అన్ని సేవలూ వివక్ష లేకుండా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది.

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ప్రకారం ఆస్తి కలిగి ఉండటంలో, ఆర్థిక వ్యవహారాలు నడపడంలో దివ్యాంగులకు మిగతా అందరితో సమానమైన హక్కులు ఉన్నాయి. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది.

అందుకే దరఖాస్తు పెట్టే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘మా బిడ్డ ఏ నిర్ణయాలు తనే తీసుకోగలడు? ఎక్కడ సాయం కావాలి? ఎక్కడ తన తరఫున మరొకరు సంతకం పెట్టక తప్పదు?’ ఏటీఎంలో డబ్బు తీయగలిగి, స్థలం కాగితాలు అర్థం చేసుకోలేని యువతికి అవసరమైన సాయం వేరు. మాట కూడా రాని యువకుడికి అవసరమైన సాయం వేరు.

ఏ చట్టం కింద దరఖాస్తు చేయాలి?

ఇందులో ప్రధానంగా 3 దారులున్నాయి. బిడ్డ సమస్యను బట్టి దారి మారుతుంది.

మొదటిది నేషనల్ ట్రస్ట్ చట్టం-1999. ఇది 4 రకాల వారికే వర్తిస్తుంది: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవారు. డౌన్ సిండ్రోమ్ వల్ల బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు కూడా ఇందులోకి వస్తారు. ఎక్కువ కుటుంబాలకు పనికొచ్చే దారి ఇదే. కోర్టు అక్కర్లేదు. జిల్లా కలెక్టర్ నాయకత్వంలోని స్థానిక కమిటీయే గార్డియన్‌ను నియమిస్తుంది.

రెండోది దివ్యాంగుల హక్కుల చట్టంలోని 14వ సెక్షన్. దీన్ని ‘పరిమిత గార్డియన్‌షిప్’ అంటారు. ఇక్కడ గార్డియన్ ఒక్కరే నిర్ణయం తీసుకోరు. దివ్యాంగుడితో మాట్లాడి, ఇద్దరూ కలిసి తీసుకోవాలి. ఒక నిర్దిష్టమైన పని కోసం, నిర్దిష్టమైన కాలానికి మాత్రమే ఇస్తారు. జిల్లా కోర్టు గానీ, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి గానీ దీన్ని మంజూరు చేస్తారు.

మూడోది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017. స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి మానసిక వ్యాధులు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం వీళ్లకు వర్తించదు. చికిత్స విషయంలో తన తరఫున మాట్లాడే ‘నామినేటెడ్ ప్రతినిధి’ని రోగి ముందే రాసి పెట్టుకోవచ్చు. తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో కూడా ముందే రాసి పెట్టొచ్చు. అయితే ఈ ప్రతినిధి అధికారం చికిత్స వరకే. ఆస్తి, బ్యాంకు విషయాలకు పనికిరాదు.

బుద్ధిమాంద్యానికీ మానసిక వ్యాధికీ తేడా తెలియక తప్పు కౌంటర్‌లో నెలల తరబడి తిరిగే కుటుంబాలు ఉంటాయి. సర్టిఫికెట్ మీద వైకల్యం రకం ఏమని రాశారో ముందు చూసుకోండి.

కలెక్టర్ కమిటీలో ఎవరుంటారు?

నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో ‘లోకల్ లెవల్ కమిటీ’ ఉండాలి. అందులో ముగ్గురుంటారు: జిల్లా కలెక్టర్, నేషనల్ ట్రస్ట్ దగ్గర నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఒకరు, దివ్యాంగుడు ఒకరు. కమిటీ కనీసం 3 నెలలకు ఒకసారి సమావేశం కావాలని చట్టం చెబుతోంది. మీ జిల్లాలో సమావేశం ఎప్పుడు జరిగింది, మళ్లీ ఎప్పుడు జరుగుతుంది అని అడగడం మీ హక్కు.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ, తెలంగాణలో అయితే వికలాంగుల సంక్షేమ విభాగం జిల్లా కార్యాలయంలో అడిగితే కమిటీ వివరాలు చెబుతారు.

గార్డియన్‌గా ఎవరు ఉండొచ్చు?

18 దాటిన బిడ్డ కోసం తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక్కరైనా చేసుకోవచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, దగ్గరి బంధువులు కూడా అర్హులే. ఎవరూ లేనివారి కోసం నమోదైన సంస్థ ముందుకు రావచ్చు.

కొన్ని షరతులున్నాయి. గార్డియన్ భారత పౌరుడై ఉండాలి. నేరం రుజువై శిక్ష పడినవారు, దివాలా తీసినవారు పనికిరారు. అమ్మాయికి పెళ్లికాని మగవారిని ఒంటరిగా గార్డియన్‌గా పెట్టరు. పెళ్లైన మగవారైతే భార్యతో కలిపి ఇస్తారు.

ఇందులో ‘భారత పౌరుడు’ అన్న షరతును తెలుగు కుటుంబాలు కాస్త ఆగి చదవాలి. ‘మా తర్వాత అమెరికాలో ఉన్న పెద్దోడు చూసుకుంటాడు’ అన్న ధైర్యంతో ఉన్న తల్లిదండ్రులు మన దగ్గర ఎక్కువే. పెద్దోడు గ్రీన్ కార్డు మీద ఉంటే అతను ఇంకా భారత పౌరుడే. అమెరికా పౌరసత్వం తీసుకుంటే మాత్రం భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు ఉన్నా పౌరుడు కాడు. అంటే డబ్బు పంపగలడు, ప్రేమగా చూసుకోగలడు, గార్డియన్ మాత్రం కాలేడు. పైగా బిడ్డకు దగ్గర్లో ఉండేవారికి గార్డియన్‌షిప్ ఇవ్వడమే మంచిదని కమిటీ చూస్తుంది. కాబట్టి ఇక్కడ ఉన్న చెల్లెలో, బాబాయి కూతురో, మరెవరో ఈ బాధ్యత తీసుకోగలరేమో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి. అన్నయ్య ఆర్థికంగా, ఇక్కడున్నవారు చట్టపరంగా అండగా ఉండేలా పంచుకోవచ్చు.

దరఖాస్తు ఎలా?

ఫారం ‘ఎ’లో దరఖాస్తు చేయాలి. నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ చేసుకోవచ్చు. సాధారణంగా అడిగే పత్రాలు ఇవి:

• వైకల్య ధ్రువపత్రం లేదా యూడీఐడీ కార్డు
• బిడ్డ వయసు తెలిపే పత్రం
• బిడ్డ, గార్డియన్ ఆధార్ కార్డులు, ఫొటోలు
• చిరునామా రుజువు
• తల్లిదండ్రుల్లో ఎవరైనా చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం
• తోబుట్టువులు, బంధువులు దరఖాస్తు చేస్తుంటే మిగతా కుటుంబ సభ్యుల అంగీకారం

కమిటీ రెండు విషయాలు చూడాలని చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. ఈ వ్యక్తికి అసలు గార్డియన్ అవసరమా? అవసరమైతే ఏయే పనుల కోసం? అందుకే దరఖాస్తులో ‘అన్నిటికీ’ అని రాసేయకుండా, నిజంగా అవసరమైనవే రాయండి. బ్యాంకు ఖాతా, డిపాజిట్లు, ఫలానా ఆస్తి, వైద్యం అని స్పష్టంగా చెబితే మీకూ ఇబ్బంది ఉండదు, బిడ్డ హక్కులూ మిగులుతాయి.

సమావేశానికి బిడ్డను తీసుకెళ్లండి. తనకు అర్థమయ్యే మాటల్లో ముందు రోజు చెప్పండి: ‘రేపు ఆఫీసుకు వెళ్తున్నాం. బ్యాంకు పనులు అక్క చూసుకుంటుందని అక్కడ చెబుతాం’ అని. ఒప్పుకుంటాడో లేదో గమనించండి. ఇది వాడి జీవితం గురించిన సమావేశం.

కమిటీ ఒప్పుకుంటే ఫారం ‘బి’లో నియామక పత్రం ఇస్తుంది. ఈ పత్రాన్ని ఆధారంగా తీసుకుని ఖాతాలు తెరవొచ్చు, నడపొచ్చు అని రిజర్వ్ బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. ‘కోర్టు ఆర్డరే కావాలి’ అని బ్రాంచిలో పట్టుబడితే ఈ సంగతి గుర్తు చేసి, జవాబు రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.

పత్రం చేతికొచ్చాక పని అయిపోయినట్టేనా?

కాదు. గార్డియన్ ఆస్తికి యజమాని కాదు, కాపలాదారు. నియామకం జరిగిన 6 నెలల్లో బిడ్డ పేరుతో ఉన్న ఆస్తులు, అప్పులు, రావాల్సిన డబ్బు వివరాలు కమిటీకి ఇవ్వాలి. ఆ తర్వాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లో, అంటే జూన్ నెలాఖరులోగా లెక్కలు చూపాలి. ఒక నోటు పుస్తకం పెట్టుకుని రాసుకుంటే సరిపోతుంది. అమ్మానాన్నలే గార్డియన్లు అయితే ఇది అనవసరపు శ్రమ అనిపించొచ్చు. రేపు ఆ స్థానంలోకి మరొకరు వచ్చినప్పుడు బిడ్డ ఆస్తిని కాపాడేది ఈ లెక్కలే.

గార్డియన్ సరిగ్గా చూడకపోయినా, ఆస్తి కాజేస్తున్నా తల్లిదండ్రులు, బంధువులు లేదా నమోదైన సంస్థ అదే కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. విచారించి గార్డియన్‌ను తొలగించే అధికారం కమిటీకి ఉంది. దివ్యాంగులను అవమానించడం, కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షన్ కింద నేరాలు. 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు.

గార్డియన్‌షిప్‌కు ముందే చేతిలో ఉండాల్సినవి

పునాది వైకల్య ధ్రువపత్రమే. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ‘సదరం’ పేరు ఇప్పటికీ అందరి నోటా ఉంది. దేశమంతా చెల్లే గుర్తింపు మాత్రం యూడీఐడీ. స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయొచ్చు. కార్డు మీద రంగు గీతను బట్టి వైకల్యం స్థాయి తెలుస్తుంది: 40 శాతం లోపైతే తెలుపు, 40 నుంచి 80 లోపైతే పసుపు, 80 ఆపైన నీలం. చిన్నప్పుడు ఇచ్చిన ధ్రువపత్రానికి గడువు ఉండొచ్చు. తేదీ చూసుకోండి. 18 నిండేలోగా కొత్తది తీసుకునే ఏర్పాటు చేసుకుంటే గార్డియన్‌షిప్ దరఖాస్తు ఆగదు.

40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు రూ.6,000, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి, తీవ్ర కండరాల క్షీణత ఉన్నవారికి రూ.15,000 ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 జులైలో రూ.4,016కు పెరిగింది.

వైద్యం కోసం నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమా ఉంది. పైన చెప్పిన 4 రకాల వైకల్యాల వారికి ఏడాదికి రూ.లక్ష దాకా వర్తిస్తుంది. ఆస్పత్రిలో చేరితేనే కాదు, ఓపీ చికిత్సకూ, స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ లాంటి వాటికీ పరిమితుల మేరకు డబ్బు తిరిగి వస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు ఉండవు. రుసుము చాలా తక్కువ. ఏటా రెన్యువల్ చేయించడం మర్చిపోకండి. చాలామంది నష్టపోయేది ఇక్కడే.

పన్ను కట్టేవాళ్లు పాత విధానంలో ఉంటే, తమ మీద ఆధారపడ్డ దివ్యాంగుడి కోసం 40 శాతం వైకల్యానికి రూ.75,000, 80 శాతం ఆపైన ఉంటే రూ.1.25 లక్షల మినహాయింపు పొందొచ్చు. చాలామందికి 80డీడీ సెక్షన్‌గా తెలిసింది ఇదే.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మరో ముఖ్యమైన సంగతి. సొంతంగా సంపాదించుకోలేని దివ్యాంగ బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పింఛను వస్తుంది. ఆ బిడ్డ పేరును మీరు బతికుండగానే పింఛను ఉత్తర్వులో చేర్పించుకోవచ్చు. ‘మేం పోయాక పిల్లలు చూసుకుంటారులే’ అని వదిలేస్తే, మీరు లేని రోజున వాళ్లు మీ సర్వీసు రికార్డుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారులు తమ నిబంధనలను ట్రెజరీలో లేదా పాత ఆఫీసులో ఇప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది.

వీలునామా రాస్తే సరిపోదా?

వీలునామా తప్పక రాయాలి. కానీ అది గార్డియన్‌షిప్‌కు బదులు కాదు. ‘ఇల్లు చిన్నోడికి’ అని రాసి ఊరుకుంటే ఇల్లు వాడి పేరు మీదికి వస్తుంది. దాన్ని అద్దెకివ్వడానికి, పన్ను కట్టడానికి, మరమ్మతు చేయించడానికి వాడి తరఫున ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఆస్తి కాస్త ఎక్కువ ఉన్న కుటుంబాలు ప్రైవేటు ట్రస్టు పెట్టడం గురించి ఆలోచించొచ్చు. 1882 నాటి ట్రస్టుల చట్టం ఇందుకు వీలు కల్పిస్తుంది. ఆస్తి ట్రస్టు పేరు మీద ఉంటుంది, దాని మీద వచ్చే ఆదాయం బిడ్డ కోసం వాడతారు. ట్రస్టీలుగా ఇద్దరు ముగ్గురిని పెడితే ఒకరిని ఒకరు గమనిస్తుంటారు. ఆస్తులు చూసేవారు, బిడ్డను చూసుకునేవారు వేర్వేరుగా ఉండటం చాలా ఇళ్లలో మంచిదే.

వీటితో పాటు ఇంకో కాగితం రాయండి. దానికి స్టాంపు పేపర్ అక్కర్లేదు. బిడ్డ ఏ మందు ఎన్ని గంటలకు వేసుకుంటాడు, ఏం తింటే పడదు, ఏ శబ్దానికి భయపడతాడు, కోపం వస్తే ఎలా నెమ్మదిస్తాడు, ఏ పాట పెడితే నిద్రపోతాడు. ఇవన్నీ ఇప్పుడు మీ తలలోనే ఉన్నాయి. మీ తర్వాత వచ్చేవారికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఈ కాగితమే.

మరి చూసుకునేవాళ్లను చూసుకునేదెవరు?

ఈ ఇళ్లలో సాధారణంగా అమ్మ ఉద్యోగం మానేస్తుంది. పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గిపోతుంది. నిద్ర సగమవుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం ‘కేర్‌గివర్’ అన్న మాటను నిర్వచిస్తూ, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా సంరక్షణ చేసే తల్లిదండ్రులు, కుటుంబ సభ్యులందరినీ అందులో చేర్చింది. ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకు కేర్‌గివర్ భత్యం కూడా సామాజిక భద్రత పథకాల్లో ఉండాలని 24వ సెక్షన్ చెబుతోంది. అయితే ‘ప్రభుత్వ ఆర్థిక స్థోమత మేరకు’ అన్న మాట కూడా అదే సెక్షన్‌లో ఉంది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో సంరక్షకులకు నెలనెలా కొంత సాయం ఇస్తోంది. అక్కడ సాధ్యమైనది ఇక్కడెందుకు కాదని అడగడం గొంతెమ్మ కోరిక కాదు, చట్టంలో ఉన్న మాటే.

ఉద్యోగం చేసేవారికి కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ సెలవు ఉంది. దివ్యాంగ బిడ్డ విషయంలో వయసు పరిమితి లేదు. దివ్యాంగులైన కుటుంబ సభ్యులను చూసుకునే కేంద్ర ఉద్యోగులు రొటేషన్ బదిలీల నుంచి మినహాయింపు అడగొచ్చు. దివ్యాంగ పిల్లల తల్లులకు ఇలాంటి సెలవు నిరాకరించడం తగదన్న ధోరణిలో 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హిమాచల్ ప్రదేశ్ కేసులో మాట్లాడి, విధానాన్ని పునఃపరిశీలించాలని ఆ రాష్ట్రాన్ని ఆదేశించింది.

డబ్బు, సెలవుల కన్నా ముందు కావాల్సింది తోడు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ‘నిఎపిడ్’ ఉంది. 1984లో ఏర్పడిన ఈ సంస్థలో పరీక్షలు, థెరపీతో పాటు తల్లిదండ్రులకు శిక్షణ కూడా దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరులోని సీఆర్‌సీ కేంద్రం ఇలాంటి సేవలే అందిస్తోంది. మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంఘాలన్నీ కలిసి ‘పరివార్’ అనే జాతీయ సమాఖ్యగా 1995 నుంచి పనిచేస్తున్నాయి. మీ పిల్లాడు వెళ్లే స్పెషల్ స్కూల్లోనో, థెరపీ సెంటర్‌లోనో వేచి ఉండే నలుగురు తల్లులు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నా అది ఓ సంఘమే. ఒకరి గార్డియన్‌షిప్ దరఖాస్తు పూర్తయితే మిగతా ముగ్గురికీ దారి తెలుస్తుంది. నలుగురూ కలిసి వెళ్తే కలెక్టరేట్‌లో మాటకు బరువూ ఉంటుంది.

మనసు భారంగా ఉంటే టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు. సంరక్షకులు కూడా చేయొచ్చు.

పని ఆగిపోతే?

దరఖాస్తు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే ఉంటాయి. లోకల్ లెవల్ కమిటీకి పెద్ద కలెక్టరే కాబట్టి మీ అర్జీ సరైన చోటుకే వెళ్తుంది. రసీదు తప్పక తీసుకోండి.

అయినా కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద రెండు ప్రశ్నలు అడగండి: ‘గత ఏడాదిలో కమిటీ ఏ తేదీల్లో సమావేశమైంది? నా దరఖాస్తు ఏ దశలో ఉంది?’ 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

లాయర్ అవసరమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

ఈ వారమే చేయాల్సినవి

• వైకల్య ధ్రువపత్రం తీసి గడువు, వైకల్యం రకం, శాతం చూడండి.
• బిడ్డకు 17 దాటితే మీ జిల్లా లోకల్ లెవల్ కమిటీ తదుపరి సమావేశం ఎప్పుడో కనుక్కోండి.
• బిడ్డ పేరుతో ఉన్న ఖాతాలు, డిపాజిట్లు, పాలసీలు ఒక కాగితం మీద రాయండి.
• మీ తర్వాత ఎవరన్న ప్రశ్నను ఇంట్లో అందరి ముందూ, బిడ్డ కూడా ఉన్నప్పుడే మాట్లాడండి.
• నిరామయ ఉంటే రెన్యువల్ తేదీ చూడండి. లేకపోతే దగ్గర్లోని నమోదిత సంస్థను అడగండి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షల పైచిలుకు. వారిలో మేధో వైకల్యం ఉన్న పిల్లలున్న ఇళ్లలో రాత్రి లైటు ఆర్పాక అమ్మానాన్నలు మాట్లాడుకునే మాట దాదాపు ఒకటే: ‘మనం పోయాక వీడెలా?’

ఆ ప్రశ్నకు పూర్తి జవాబు ఏ చట్టంలోనూ లేదు. కానీ ఆ రోజున బిడ్డ పక్కన నిలబడేవారి చేతిలో సరైన కాగితం ఉండేలా చూడటం మీ చేతుల్లోనే ఉంది. బిడ్డకు 18 నిండే దాకా ఆగకండి. ఇప్పటికే నిండి ఉంటే వచ్చే సోమవారమే బయల్దేరండి.